సయాం చేప, ఉధ్నా సముద్రం

నా చిన్నప్పుడు నేను రాయిని. నవ్వకండి, ఉన్నమాటే రాస్తున్నాను. ఏటా శ్రీరామనవమికి సూరత్‌లో మా ఉధ్నా పేట తెలుగువాళ్లంతా కలిసి రాముడి ఆట వేసేవారు. అందులో మగపిల్లలందరూ కోతులు, ఆడపిల్లలందరూ రాళ్లు. నూలు వచ్చిన గోనెసంచిని తల మీదుగా బోర్లించి మమ్మల్ని ఒక మూల మోకాళ్ల మీద కూర్చోబెట్టేవారు. కోతులు వచ్చి మా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి సముద్రమని పరిచిన బట్ట మీద వరసగా పెట్టేవి. అదే వంతెన. రాముడు, లక్ష్మణుడు, కోతులు మా పక్కనుంచి దర్జాగా నడిచి లంకకు పోయేవారు. మేము మాత్రం ఆట అయిపోయేదాకా ఆ గోనెల్లోనే ఉడికిపోయేవాళ్లం. లంకలో ఏం జరిగిందో నేను చెవులతో విన్నానే తప్ప కళ్లతో చూసింది లేదు.

నా గోనె మీద సుద్దముక్కతో ఏదో రాసేవారు. రాముడి పేరని చెప్పేవారు. అప్పుడు నాకు అక్షరాలు రావు. వాళ్లు ఏం రాసినా రాముడే అనుకునేదాన్ని.

నాకు వేషం కావాలి. అప్పట్లో నాకున్న కోరిక అదొక్కటే. గోనె తీసేసి, ముఖం నలుగురికీ కనిపించేలా నిలబడి, ఒక్క మాటైనా మాట్లాడాలి. ఈ సంగతి మా అమ్మతో అంటే ఆమె చేస్తున్న పని ఆపకుండానే నవ్వింది.

"ఆడోళ్లకు ఉన్నది సీతమ్మ వేషం ఒక్కటే. అది గూడ ఆట నడిపే మేస్త్రి తమ్ముడే కడ్తుండు. నువ్వేం కడ్తవే, రావణాసురుని మీసమా?"

మేమున్నది సాంచాల నడుమ. కరెంటుతో నడిచే మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. కింద కార్ఖానా, పైన మేము కాపురముండే గదుల వరస, మా చాల్. సాంచాలు నడుస్తున్నంతసేపూ గోడలు, గిన్నెలు, మా పళ్లు కూడా అదిరేవి. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అందుకని సాంచాల మీద పనిచేసేవాళ్లకు చేతులతో మాట్లాడే అలవాటు ఉండేది. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. అరచేయి నేలవైపు తిప్పి దించితే, కిందికి పో అని. పిడికిలి నోటి దగ్గర పెట్టి విప్పితే, అడుగు అని. పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పితే సేఠ్ వస్తున్నాడని. పిల్లలమైన మాకు నోటిమాటల కన్నా ముందు ఆ చేతిమాటలే వచ్చాయి.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఊరంతా ఒక్కసారిగా మూగపోయేది. ఆ నిశ్శబ్దంలో మా తాతకు నోరొచ్చేది.

మా తాత అంటే మా నాయన నాయన. కరీంనగర్ వైపు నుంచి చిన్నప్పుడే బొంబాయి మిల్లుకు వచ్చాడు. అక్కడి నుంచి ఒక సూరత్ బట్టల వ్యాపారి ఆయనను ఓడెక్కించి సయాం దేశం తీసుకుపోయాడు. ఇప్పుడు మనం థాయ్‌లాండ్ అంటున్నామే, అదే. ఆ రోజుల్లో మన వ్యాపారులకు ఆ దేశంలో దుకాణాలుండేవి. అక్కడ తానులు మోయడం, గజంబద్దతో కొలిచి చింపి ఇవ్వడం మా తాత పని. కొన్నేళ్లుండి తిరిగొచ్చాడు. తెచ్చిందేమీ లేదు, మాటలు తప్ప. అందుకే అందరూ ఆయనను సయాం రాజు అని వెక్కిరించేవారు.

"ఏం సయాం రాజా, ఇయ్యాల నీ ఏనుగు రాలేదా?" అని ఎవరైనా పోతూ పోతూ అంటే, ఆయన తొణక్కుండా, "వచ్చింది బిడ్డా. నీ ఇంటి ముంగటనే కట్టేసిన. జర గడ్డెయ్యి" అనేవాడు.

ఆయన చెప్పేవన్నీ అబద్ధాలని మా వాళ్ల నమ్మకం. నమ్మకపోవడంలో వాళ్ల తప్పు కూడా లేదు. ఆయన చెప్పే సంగతులు అలా ఉండేవి. ఆ దేశంలో రాజులను రాముడనే పిలుస్తారట. మొదటి రాముడు, రెండో రాముడు, అలా వరసగా. వాళ్ల పాత రాజధాని పేరు మన అయోధ్య పేరేనట. ఒకప్పుడు శత్రువులు వచ్చి ఆ పట్నాన్ని తగలబెట్టారు. ఇళ్లు, గుళ్లు, పుస్తకాలు, అన్నీ బూడిద. ఆ తరువాత కొత్తగా వచ్చిన రాజు వేరేచోట కొత్త పట్నం కట్టించాడు. కోట గోడలు లేచాయి, గుళ్లు లేచాయి. కానీ రాముడి కథ కాలిపోయింది కదా. కథ లేకుండా పట్నం ఏం పట్నం అనుకున్నాడట ఆ రాజు. పండితులను కూర్చోబెట్టాడు, తానూ కూర్చున్నాడు. ఎవరికి ఏ ముక్క గుర్తుంటే ఆ ముక్క చెప్పమన్నాడు. ముక్కకు ముక్క అతికి, కథంతా మళ్లీ నిలబెట్టాడు. పట్నంలో పెద్దగుడి చుట్టూ గోడల నిండా ఆ కథను బొమ్మలుగా వేయించాడు. మా తాత సెలవు దొరికినప్పుడల్లా పోయి ఆ గోడ వెంట నడిచేవాడు. ఆయనకూ చదువు రాదు. నడుస్తూ పోతే కథ దానంతటదే చదివిపెట్టేదట.

ఆ రాజు కొడుకు కూడా రాజై, అదే కథను ఆడడానికి వీలుగా పాటలు కట్టాడట. ఇది చెప్పేటప్పుడు మా తాత లేచి నిలబడేవాడు. అక్కడ వేషగాళ్లు ముఖానికి తొడుగు పెట్టుకుంటారు. తొడుగు లోపలి నుంచి మాట రాదు. పక్కన కూర్చున్నవాళ్లు పాట చదువుతుంటే వీళ్లు చేతులతో, కాళ్లతో కథంతా చెబుతారు. "మన సాంచాల కాడ ఉన్నట్టే బిడ్డా. నోరు బంద్, చేతులు చాలు" అని ఆయన చేతులు తిప్పి చూపించేవాడు. ముడతలు పడ్డ ఆ చేతులు అలా తిరుగుతుంటే నేనూ నా చేతులు అలాగే తిప్పేదాన్ని.

అలా ఒక రోజు, వంతెన కట్టే ఘట్టం దగ్గర, మా తాత నా బతుకును మార్చే మాట అన్నాడు. ఆ దేశపు కథలో సముద్రం లోపల ఒక చేప ఉంది. నడుముకు పైన ఆడపిల్ల, కింద బంగారు చేప. రావణుడి బిడ్డ. కోతులు పగలంతా కష్టపడి రాళ్లు వేస్తాయి, ఈమె తన చేపలతో కలిసి ఆ రాళ్లను అడుగు నుంచి తీసేస్తుంది. ఎన్ని వేసినా వంతెన లేవదు. రాముడంతటివాడు ఒడ్డున ఆగిపోయాడు. అప్పుడు హనుమంతుడు సముద్రంలోకి దూకి...

కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. మా తాత నోరు మూసి లేచిపోయాడు.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఆడపిల్ల. ముఖం ఉన్న ఆడపిల్ల. రాళ్లకు రాణి. రాముడినే ఆపేసింది. తరువాత కరెంటు పోయినప్పుడు ఆయన పక్కన ముందుగా చేరింది నేనే. ఆయన మళ్లీ రాజుల దగ్గర మొదలుపెట్టాడు, పట్నం కాలింది, గోడలు లేచాయి, చేప వచ్చింది, హనుమంతుడు దూకాడు. అక్కడికి వచ్చేసరికి మా తాత కిటికీ వైపు చూసి, "ఇగ కరెంటు వస్తది, పో, నూలు కండెలు చుట్టుపో" అన్నాడు. ఆ పూట కరెంటు చాలాసేపటి దాకా రాలేదు. అయినా నోరు విప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా అంతే. హనుమంతుడు దూకడం, మా తాతకు పని గుర్తుకు రావడం.

సగం కథతోనే నేను మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన కార్ఖానాలో సాంచాలు బాగుచేసే పెద్ద మేస్త్రి, ఆటలో రాముడు, ఆట నడిపించేదీ ఆయనే. నాకు చేప వేషం ఇమ్మన్నాను. ఆయన చేతిలో ఉన్న పానా కింద పెట్టకుండానే నన్ను ఎగాదిగా చూశాడు.

"చేపేందే? మన కథల చేప యాడుంది?"

"సయాం కథల ఉన్నది. మా తాత చెప్పిండు."

"మీ తాతకేం, ఏనుగును గూడ చెప్తడు. పోయి బుద్ధిగ రాయివై కూసో. పోయినసారి నడుమ తుమ్మినవ్, యాదికున్నదా?"

నేను మొహం మీద మాట్లాడే మనిషిని అంటారు అందరూ. ఆ రోజు మాత్రం మాట్లాడకుండా వచ్చేశాను. ఎందుకంటే నడుస్తూనే నాకొక ఆలోచన వచ్చింది. వాళ్లు నాకు వేషం ఇవ్వకపోతేనేం. నేను ఎలాగూ సముద్రంలోనే ఉంటాను కదా.

నవమి నాడు మధ్యాహ్నం కల్యాణం అయింది. కార్ఖానాల మధ్య ఖాళీలో, రంగు వేయని బట్టను పందిరిలా కట్టి, ఆట మొదలుపెట్టారు. ఆ ఏడు సముద్రం చాలా బాగుంది. అద్దకంలో మరకపడి అమ్ముడుపోని నీలం బట్ట తానుకు తాను దొరికింది. రెండు కొసలా ఆడవాళ్లు పట్టుకుని ఊపుతుంటే బట్ట గాలికి లేచి పడుతూ నిజంగా నీళ్లలాగే ఉంది. మేస్త్రి ముఖానికి నీలిమందు కలిపిన పౌడరు పూసుకుని, విల్లు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. మా నాయన తమ్ముడు, మేం కాక అని పిలిచేవాళ్లం, హనుమంతుడు. తోకకు లోపల తీగ పెట్టి పైకి నిలబెట్టుకున్నాడు. మా తాత ముందు వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

కోతులు మమ్మల్ని ఒక్కొక్కరినీ లాక్కొచ్చి నీలం బట్ట అంచున కూర్చోబెట్టాయి. నేను ముందే గోనెల్లో ఉన్న మిగతా రాళ్లతో గుసగుసగా మాట్లాడుకుని ఉన్నాను. చివరి రాయి కూర్చోగానే పక్కరాయి చెయ్యి గిల్లాను. ఆ రాయి పక్కరాయిని గిల్లింది. అంతే, వంతెన లేచి నిలబడింది. గోనెసంచులన్నీ ఒకదాని వెనక ఒకటి గునగునా నడిచి, నీలం బట్ట పైకెత్తుకుని, సముద్రం లోపలికి దూరిపోయాయి.

ఒక్క క్షణం ఎవరికీ ఏం అర్థం కాలేదు. తరువాత మొదలైంది గోల. కోతులు బట్ట చుట్టూ గంతులేస్తున్నాయి. జనం పడి పడి నవ్వుతున్నారు. ఎవరో వెనకనుంచి, "మేస్త్రీ, నీ రాళ్లకు కాళ్లొచ్చినయ్, హాజరీ ఏసుకో" అన్నారు. మేస్త్రికి మండిపోతున్నా, విల్లు పట్టుకున్న రాముడు కదా, తిట్టడానికి లేదు. పళ్లు బిగబట్టి, "వానరులారా, ఇదేమి వింత?" అన్నాడు. వానరులకు మాత్రం ఏం తెలుసు.

నేను గోనె నుదుటిదాకా పైకి జరుపుకుని, బట్ట అంచు కొంచెం ఎత్తి చూస్తున్నాను. రాళ్లు తీసేశాను సరే, తరువాత ఏం చెయ్యాలో నాకు తెలియదు. తాత చెప్పిన కథ అక్కడే కదా ఆగింది. వంతెన లేకపోతే రాముడు లంకకు పోలేడు. పోకపోతే సీతమ్మ రాదు, పట్టాభిషేకం కాదు, అది కాకుండా ప్రసాదం పంచకూడదు. ఇన్ని వందల మంది ఆకలితో నా వల్ల ఆగిపోయారు. బయటికి వస్తే తన్నులు, లోపలుంటే ఎంతసేపు.

జనంలో కొందరి నవ్వు అప్పటికే కోపంగా మారుతోంది. "ఎవల పోరి అది, గుంజి అవతల పడెయ్‌రి" అన్నారెవరో. కాక గద పట్టుకుని తెల్లమొహం వేసి మా తాత వైపు చూశాడు. ఆ గోలలో మాట వినపడదు. మా తాత గోడ దగ్గరి నుంచి లేవలేదు. కూర్చున్నచోటి నుంచే అరచేయి నేలవైపు తిప్పి దించాడు. పిడికిలి నోటి దగ్గర పెట్టి విప్పాడు.

కిందికి పో. అడుగు.

కాక గద ఒడ్డున పెట్టి, తోక చంకలో ఇరికించుకుని, నీలం బట్ట కిందికి పాకుతూ వచ్చాడు.

అక్కడ మేము మాట్లాడుకున్న మాటలు ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కాక లేడు గనక రాస్తున్నాను. బట్టలోంచి పడే ఎండ వల్ల లోపలంతా నీలంగా ఉంది. కాక ముఖం, నా చేతులు, గోనెలు, అన్నీ నీలమే. నిజంగా నీళ్లలో ఉన్నట్టే ఉంది.

"ఏందే ఇది? మేస్త్రి రేపు నాకు సాంచా ఇయ్యడు ఇగ" అన్నాడు కాక, ఊపిరి పీల్చుకుంటూ.

"నేను రాయిని గాను కాకా."

"మరెవలవు?"

నేను గోనె తీసి పక్కన పడేశాను. "చేపను. రావణుని బిడ్డను."

కాక మోకాళ్ల మీద ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. "గా సయాం కథనా? నాకు గూడ నాయిన సగమే చెప్పిండు. నేను దునికేదాకనే ఎరుక." తల గోక్కుని, "సరే, అడగమన్నడు గద, అడుగుత. రాళ్లెందుకు తీసినవ్ చేపా?" అన్నాడు.

ఆయన నిజంగానే అడిగాడు. పరాచికానికి కాదు. అంతవరకు పెద్దవాళ్లెవరూ నన్ను ఎందుకు అని అడిగినట్టు నాకు గుర్తులేదు. చెయ్యి అనేవారు, చెయ్యకు అనేవారు.

"మా నాయిన తీయమన్నడు" అన్నాను. చేప ఇంకేం చెబుతుంది.

"మీ నాయిన ఏం జేసిండో ఎరుకనా నీకు?"

"ఏం జేసిండు?"

"ఇంకొకల ఇంటామెను ఎత్తుకొచ్చి దాచిపెట్టిండు. అక్కడ చెట్టు కింద కూసోని ఆమె రోజూ ఏడుస్తుంది. గామెను ఇంటికి తెచ్చెటందుకే ఈ వంతెన. నీ మీద పగతోని గాదు."

రాముడి కథ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కానీ చేపకు తెలియదు కదా. సముద్రం అడుగున ఉన్నదానికి పైసంగతి ఎవరు చెబుతారు? నాన్న చెయ్యమన్నాడు, చేసింది. గోనెలో ఉన్న నాకు లంకలో జరిగేది ఎవరు చూపించారు? రాయివై కూర్చో అన్నారు, కూర్చున్నాను. ఇద్దరికీ ఒకే సంగతి అని ఆ నీలం వెలుగులో నాకు తట్టింది. తట్టగానే ఏడుపొచ్చింది.

"నాకు ఎవ్వలు చెప్పలే" అన్నాను. ఆ మాట అన్నది చేపో నేనో ఇప్పటికీ తెలియదు.

కాక నా తల మీద చెయ్యి పెట్టాడు. "ఇప్పుడు చెప్పిన గద. ఇస్తవా మరి రాళ్లు?"

"ఇస్త. కని గోనె ఏసుకోను."

"ఏసుకోకు."

అప్పుడు చీకటి మూలనుంచి ఒక రాయి, "నేను గూడ ఏసుకోను, మస్తు ఉడుకపోస్తుంది" అంది. ఇంకో రాయి, "నేను గూడ" అంది. చూస్తుండగానే సముద్రం అడుగున గోనెల కుప్ప పడింది.

మేము బయటికి వచ్చేసరికి గోల తగ్గలేదు. కానీ ఆడపిల్లలందరం చెమటతో తడిసిన జుట్టుతో, ముఖాలు కనిపించేలా, ఒకరి భుజం మీద ఒకరం చెయ్యి వేసి నీలం బట్ట అంచు వెంట వరసగా లేచి నిలబడేసరికి గోల ఆగిపోయింది. ఏటా చూసే వంతెనే. దానికి ముఖాలున్నాయని వాళ్లకు అప్పుడే కనిపించింది.

మేస్త్రి ఏం చెయ్యాలో తెలియక రెండడుగులు వేశాడు. అందరూ చూస్తున్నారు. రాముడు కోప్పడితే బాగుండదు. గొంతు సవరించుకుని ఆట భాషలోనే, "ఓ కన్యా, నీవెవ్వరవు?" అన్నాడు.

ఇదే నేను ఎదురుచూసిన ఘడియ. "రావణుని బిడ్డను. రాళ్లు నేనే తీసిన. ఇగో, మల్ల నేనే తెచ్చిన. పొండ్రి, జల్ది పొండ్రి. ఆమె ఏడుస్తుందట."

ఆడవాళ్ల వైపు నుంచి మొదట చప్పట్లు వచ్చాయి. బట్ట ఊపుతున్నవాళ్లు బట్ట వదిలేసి కొట్టారు. సముద్రం కాసేపు నేల మీద పడిపోయింది. రాముడు లంకకు పోయాడు. ఆ రోజు రాళ్లన్నీ నిలబడి యుద్ధం చూశాయి. రావణుడు పడిపోయినప్పుడు ఆయన మీసం ఊడి చెవికి వేలాడడం కూడా చూశాను. అన్నేళ్లు ఎంత పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది.

పట్టాభిషేకం అయ్యాక, ముఖం మీది నీలిరంగు తుడుచుకుంటూ మేస్త్రి మా తాత దగ్గరికి వచ్చాడు. నేను తాత వెనక దాక్కున్నాను.

"పెద్దయ్యా, మనుమరాలికి ఏం నేర్పినవ్ గిది? కథను గిట్ల ఆగం జెయ్యొచ్చా? వచ్చే ఏడు ఇంకోడు ఏనుగును తోలుకొస్తడు."

"రానియ్యి. ఏనుగుకు మస్తు జాగ ఉన్నది."

"పరాచికం గాదు పెద్దయ్యా. మన కథ మనకుంటది. దానికో పద్ధతి ఉంటది."

మా తాత అప్పుడు నవ్వు ఆపాడు. "ఇను మేస్త్రీ. పట్నం కాలినంక ఆ రాజు ఏమన్నడు? ఎవల దగ్గర ఏ ముక్క ఉంటే ఆ ముక్క తెండ్రన్నడు. నీకెందుకురా అనలే. రాజంతటోడే అడిగి కట్టిండు కథను. మనమెంత? ఈ పోరి దగ్గర ఒక ముక్క ఉండె, తెచ్చింది. నువ్వు అడిగినవా? అడగలే. అందుకే రాళ్లు లేచినయ్."

కాసేపటికి ప్రసాదం పంచేచోటి నుంచి మేస్త్రి గొంతే వినపడింది. "గా చేపకు ఇంకో లడ్డు పెట్టుండ్రి" అని.

ఆ తరువాతి ఏడు నుంచి మా ఆటలో చేప ఉంది. మేస్త్రే ఆ వేషానికి జరీ అంచు ముక్కలతో తోక కుట్టించాడు. తరువాత మావాళ్లు ఉధ్నా నుంచి సూరత్‌లోనే ఉన్న డిండోలికి, గోడాదరాకు చెదిరిపోయారు. ఆట కూడా వాళ్ల వెంట పోయింది, చేప కూడా పోయింది. కొత్తగా వచ్చినవాళ్లు, ఇదెక్కడి పద్ధతి, రామకథలో చేపేమిటి అని అడిగితే, మా దగ్గర గట్లనే అంటారు. నీలం బట్ట కింద హనుమంతుడు ప్రతి ఏడూ చేపను నిజంగా అడుగుతాడు, రాళ్లెందుకు తీశావని. ఆ ఏటి చేపపిల్ల తన మనసులో ఉన్నది చెబుతుంది. బడి మాన్పించారని ఒకామె చెప్పి ఉంటుంది, ఇంకొకామె మరొకటి. లోపలి మాట బయటికి రాకూడదన్నది మా కట్టుబాటు. అయినా ఆ తరువాత కొన్ని ఇళ్లలో కొన్ని సంగతులు మారడం నేను చూశాను.

మా తాత మిగతా సగం చెప్పకుండానే పోయాడు. ఆయనతో పాటు ఆ గోడలు, ఆ ఏనుగులు, ఆ రాజులు అన్నీ పోయాయి. నాకు అక్షరాలు వచ్చి ఉంటే ఏ ముక్కైనా రాసుకునేదాన్ని కదా అని చాలా కాలం కుమిలాను. జుట్టు నెరిశాక పక్కింటి అక్క దగ్గర పలక పట్టాను. నా కన్నా చిన్నదైనా అక్కా అనేదాన్ని, చదువు చెప్పేవాళ్లు పెద్దే కదా. ఎవరో నవ్వారు. ఆ రాజు కూడా బూడిద మీద కూర్చునే మొదలుపెట్టాడని చెప్పాను. వాళ్లకు అర్థం కాలేదు. ఇప్పుడు గోనె మీద రాముడి పేరు నేనే రాయగలను.

మొన్న మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి ఫోను నా ముందు పెట్టింది. "నానమ్మా, జల్దీ దేఖో. నీ మఛ్లీ, అదే నీ చేప, దొరికింది."

చూశాను. బంగారు కిరీటాలు, జరీ బట్టలు, ముఖాలకు తొడుగులు. పక్కన ఎవరో పాడుతున్నారు, నాకు ఒక్క మాట తెలియదు. కానీ చేతులు తిరుగుతున్నాయి. అచ్చం మా తాత చేతుల్లాగా. తెల్లకోతి వేషంలో హనుమంతుడు వచ్చాడు, నడుముకు బంగారు తోక కట్టుకుని ఆమె వచ్చింది. అన్నీ నిజం. మా తాత చెప్పినవన్నీ నిజం. ఆ చాల్‌లో వెక్కిరించినవాళ్లలో ఎవరైనా బతికి ఉంటే పిలుచుకొచ్చి చూపిద్దామని లేచాను కూడా. ఎవరూ మిగల్లేదని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాను.

ఆ తరువాత ముక్క చూశాను. కోతి ఆమె వెంటపడ్డాడు. ఆమె చెయ్యి విదిలించింది. ఆయన చుట్టూ తిరిగి భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తోసేసింది, కానీ ఈసారి మెల్లగా తోసింది. ఆయన మళ్లీ వచ్చాడు. ఆమె తల వంచుకుంది. సాంచాల మధ్య పుట్టినదాన్ని, చేతుల మాట నాకు ఇంకొకరు విప్పి చెప్పక్కర్లేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మనవరాలు ఎక్కడో చదివి చెప్పింది. ఆ దేశపు కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాదట. ఆ చేపను చూసి మనసు పారేసుకున్నాడట. వాళ్లకొక కొడుకు కూడా ఉన్నాడట, ఒళ్లు కోతి, తోక చేప.

అప్పుడు తెలిసింది మా తాతకు ప్రతిసారీ అక్కడే పని ఎందుకు గుర్తొచ్చేదో. శనివారం తప్పకుండా ఆంజనేయుడికి సిందూరం పూసే చాల్ అది. ఆ ముక్క నోటి నుంచి వస్తే, సయాం రాజుకు నిజంగా రాజ్యం పోయేది. పైగా వినేది చిన్నపిల్ల. అందుకే కరెంటును అడ్డం పెట్టుకున్నాడు. కానీ నవమి నాడు అందరి ముందూ కథ అక్కడే ఇరుక్కునేసరికి, ఆ ముసలాయన గోడకు ఆనుకుని, ఒక్క క్షణంలో, ప్రేమ ముక్క తీసేసి దాని చోట ఇంకో ముక్క అతికాడు. కిందికి పో, అడుగు అన్నాడు. ఆలోచిస్తే అదీ ప్రేమ ముక్కే. నవ్వి నవ్వి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మనవరాలు భయపడి నీళ్లు తెచ్చింది.

ఈ ఏడు చేప వేషం మా మనవరాలి చెల్లెలిది. నిన్న నా పక్కన చేరి, లోపల అడిగినప్పుడు ఏం చెప్పాలి నానమ్మా అంది. నాకు చెప్పకు, అక్కడే చెప్పు అన్నాను. ముఖం ముడుచుకుని వెళ్లిపోయింది. రాత్రి అన్నం తినలేదు, పిలిస్తే పలకలేదు, దుప్పటి ముసుగుపెట్టి పడుకుంది. మా కోడలు నాలుగు కేకలు వేసి లాభం లేక నా వైపు చూసింది. సాంచాలు మాని ఎన్నో ఏళ్లయినా నా చెయ్యి దానంతటదే అరచేయి నేలవైపు తిప్పి దించింది, పిడికిలి నోటి దగ్గరికి పోయి విచ్చుకుంది. సాంచాల మధ్యే పెరిగిన కోడలు మంచం దగ్గరికి వెళ్లి, దుప్పటి అంచు ఎత్తి లోపలికి దూరింది.